నేనే రంగు వేసుకున్న ఊలు, నేనే అల్లిన స్వెట్టర్: నా అనుభవం

2022 అక్టోబరులో మా అమ్మాయి పురిటికని మిన్నియాపొలిస్ వెళ్లాను. విజయవాడ ఎండల్లో పుట్టి పెరిగిన ఒళ్లు నాది. అక్కడ జనవరిలో మైనస్ ఇరవై డిగ్రీలు చూశాను. పాప రాత్రంతా మేలుకుని పగలు నిద్రపోయేది. ఆ పగటి వేళల్లో బయటికి వెళ్లలేం, చేతులకేమో పని కావాలి. "ఇక్కడ ఊలు దొరికే కొట్టు ఉందా అమ్మడూ?" అని అడిగితే, మా అల్లుడు ఒక శనివారం నన్ను కారులో తీసుకెళ్లి దింపాడు.

ఆ కొట్లో ఒక గోడ నిండా చిలపలు, అంటే చుట్లుగా చుట్టిన దారపు కట్టలు, వేలాడుతున్నాయి. అక్కడివాళ్లు హ్యాంక్ అంటారు, స్కీన్ అంటారు. నాకు మాత్రం చూడగానే చిలప అన్న మాటే వచ్చింది, చిన్నప్పుడు మగ్గాల వాళ్ల ఇళ్ల ముందు ఆరేసి ఉండే నూలు చిలపలు కళ్ల ముందు ఆడాయి. ఒక్కో చిలపలో నాలుగైదు రంగులు. లేత నీలం మెల్లగా బూడిద రంగులోకి జారి, మధ్యలో ఎక్కడో ఒక్క బెత్తెడు మేర వంకాయ రంగు. కొట్టు ఆవిడ రెండు చిలపలు నా చేతిలో పెట్టి, "ఇవి రెండూ ఒకే గిన్నెలో రంగు వేసినవి, అయినా ఒకేలా ఉండవు చూడండి" అంది. పక్క ఊళ్లో ఒకామె తన వంటింట్లో, ఒకసారికి పది చిలపలు చొప్పున వేస్తుందట. ఊలుకి పట్టే యాసిడ్ రంగులు, కొంచెం వెనిగర్, పొయ్యి మీద వేడి. అంతే సరంజామా. చిలప ఒక్కటి వంద గ్రాములు, నాలుగు వందల మీటర్లు, ముప్పై డాలర్లు. మన డబ్బులో అప్పట్లో రెండున్నర వేలు. ఇంత పెట్టి ఎప్పుడూ ఊలు కొనలేదు. కొన్నాను.

చిలపని చిలపగానే పెట్టుకుని అల్లకూడదు, చిక్కుపడిపోతుంది. ముందు ఉండ చుట్టుకోవాలి. కొట్లో దానికి తిరిగే చట్రం ఉంది గానీ నేను ఇంటికి తెచ్చుకున్నాను. మా అల్లుడు సోఫాలో కూర్చుని రెండు చేతులూ చాపితే చిలపని ఆ చేతులకి తగిలించి, ఎదురుగా కూర్చుని చుట్టాను. నలభై నిమిషాలు పట్టింది. పెళ్లయిన నాలుగేళ్లలో ఆ అబ్బాయి నేను అంతసేపు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది అదే మొదటిసారి. వాళ్ల నాన్నగారి పొలం సంగతులు, తను చదువుకున్న హాస్టల్ సంగతులు, అన్నీ చెప్పాడు. దారం కుడి చేతి నుంచి ఎడమ చేతికి, ఎడమ చేతి నుంచి కుడి చేతికి వదులుతూనే ఉన్నాడు.

ఆ ఊలుతో పాపకి చిన్న స్వెట్టర్ అల్లాను. అల్లడం నాకు కొత్త కాదు. కొట్లో కొనే మామూలు ఊలయితే కళ్లు టీవీ మీద ఉన్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. దీనితో అలా కుదరలేదు. కళ్లు సూది కొన మీదే ఉండిపోయాయి. నాలుగు కుట్లు లేత నీలం, ఐదో కుట్టులో బూడిద మొదలు. వంకాయ రంగు వచ్చే చోటు దగ్గర పడుతుంటే తెలిసిపోతుంది, ఉండలోంచి కనిపిస్తూ ఉంటుంది. అది ఈ వరసలో ఎక్కడ పడుతుందో, కింది వరసలో ఉన్న వంకాయ రంగు మీద పడుతుందో, పక్కన పడుతుందో చూడాలనిపిస్తుంది. ఆ వరస అయ్యాక ఇంకో వరస. పాప లేచి ఏడిచే దాకా తల ఎత్తేదాన్ని కాదు.

మా అమ్మ అల్లిక నేర్చుకున్నది రైల్వే క్వార్టర్స్‌లో, పక్కింటి పంజాబీ ఆంటీ దగ్గర. అందుకే మా ఇంట్లో అల్లికలోని రెండు మూల కుట్లకి నిట్, పర్ల్ అనే మాటలు లేవు. సీదా, ఉల్టా. "రెండు సీదా, రెండు ఉల్టా" అని అమ్మ లెక్క పెడుతుంటే నేను పక్కన కూర్చుని పలికేదాన్ని. అమ్మ అల్యూమినియం సూదులు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి, 8వ నంబరు జత, 10వ నంబరు జత. ఆ రోజుల్లో ఊలు రంగుకి నంబరు ఉండేది. ఉండ అయిపోతే చుట్టూ ఉన్న కాగితం పట్టుకెళ్లి అదే నంబరు అడిగేవాళ్లం. అదే బ్యాచ్ దొరక్కపోతే చెయ్యి ఒక రంగు, ఒళ్లు ఒక రంగు అవుతుందని అమ్మకి టెన్షన్. రంగులో తేడా అంటే తప్పు అని నా బుర్రలో అలాగే ఉండిపోయింది.

కానీ మా అమ్మమ్మ గారి ఊరు పెడన. బందరు పక్కన, కలంకారీ అద్దకం ఊరు. వేసవి సెలవులంతా అక్కడే. తెల్లబట్టని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరేయడం, పటిక కలిపిన అద్దకం, పెద్ద రాగి గంగాళాల్లో వేళ్లు, ఆకులు వేసి బట్టని ఉడికించడం, కాలవలో పారే నీళ్లలో ఉతకడం, ఇవన్నీ చూస్తూ పెరిగాను. గంగాళంలోకి వెళ్లేటప్పుడు అద్దకం కనీ కనిపించకుండా ఉంటుంది, కర్రతో పైకి ఎత్తేసరికి అక్కడ ఎరుపు ఉంటుంది. ఏడెనిమిదేళ్ల పిల్లకి అది ఎంత ఆశ్చర్యమో! మిన్నియాపొలిస్‌లో ఆ చిలపలు చూశాక నాకు గుర్తొచ్చింది అదే. ఊలుకి రంగు వేయడం అంటే మా ఊరి పనే కదా, నూలుకి బదులు ఉన్ని అంతే కదా అనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు రంగు వేయని తెల్ల మెరీనో (మెత్తటి గొర్రె ఉన్ని) చిలపలు ఎనిమిది సూట్‌కేసులో పెట్టుకున్నాను. ఒక్కొక్కటి వంద గ్రాములు, రెండు వందల మీటర్లు. పాప స్వెట్టర్ దారం కన్నా లావు. వాటితో మా అమ్మాయికి స్వెట్టర్ అల్లాలని.

నూలుకి, ఉన్నికి పెద్ద తేడా ఉందని మొదలుపెట్టాకే తెలిసింది. నూలు చెట్టు నుంచి వచ్చింది, రంగుని అంత తేలిగ్గా పట్టుకోదు. అందుకే ముందు కరక్కాయ వగరు పట్టించి, ఆ తర్వాత పటిక పట్టించాలి. ఉన్ని మన జుట్టులాంటిది, మాంసకృత్తు. పటికని నేరుగా తీసుకుంటుంది, కరక్కాయ అక్కర్లేదు. వంద గ్రాముల ఊలుకి పదిహేను గ్రాముల పటిక వేడినీళ్లలో కరిగించి, అందులో చిలప వేసి, మెల్లగా వేడి చేసి, రాత్రంతా ఆ నీళ్లలోనే వదిలేస్తాను. మరగకూడదు. బుడగలు రాబోతున్నాయనగా మంట తగ్గించేయాలి.

ఒక చిలపని నాలుగు చిన్న చిలపలుగా విడదీసి మచ్చు చూసుకున్నాను. ఉల్లిపొట్టు, బంతిపూలు, పసుపు, ఎరుపునిచ్చే మంజిష్ఠ వేరు. పసుపు అన్నిటికన్నా అందంగా వచ్చింది. దాన్ని దక్షిణం కిటికీలో సగం కాగితం చుట్టి పెడితే, పది రోజులకి కాగితం బయట ఉన్న సగం పాలిపోయింది. పసుపు ఎండకి నిలవదని వంట చేసే ప్రతి ఆడదానికీ తెలుసు, పసుపు మరక పడ్డ చీరని ఎండలో ఆరేస్తే మరక పోతుంది కదా. అయినా కళ్లతో చూస్తే గానీ నాకు వదులుకోబుద్ధి కాలేదు. మిగతా మూడూ నిలబడ్డాయి.

ఉల్లిపొట్టు కోసం రైతుబజారుకి వెళ్లాను. ఉల్లిపాయల అతను బస్తా అడుగున రాలిన పొట్టంతా సంచిలో పోసి, "ఎరువుకా అమ్మా?" అని అడిగాడు. "రంగుకి" అన్నాను. నమ్మలేదు. తర్వాతి వారం ఆ రంగు వేసిన చిలప తీసుకెళ్లి చూపిస్తే, చేతులు తుడుచుకుని మరీ పట్టుకున్నాడు. పక్క కొట్టువాళ్లని పిలిచి, "ఇది మన ఉల్లిపొట్టేనంట" అని చూపించాడు. ఆ రోజు నుంచి పొట్టు నా కోసం విడిగా తీసి ఉంచుతాడు.

కానీ అతనికి చూపించింది రెండో చిలప. మొదటిది పాడు చేశాను. రంగు బాగా పట్టింది, పాత బంగారం రంగు. ఆ సంతోషంలో వేడి గిన్నెలోంచి తీసి నేరుగా చన్నీళ్ల కుళాయి కింద పెట్టి బట్ట పిండినట్టు పిండేశాను. పోగులు ఒకదానికొకటి అతుక్కుపోయి, కంబళి ముక్కలా గట్టిగా అయిపోయింది. ఉన్ని పోగు మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడి నుంచి ఒక్కసారి చల్లదనానికి వెళ్లి, దానితోపాటు రాపిడి కూడా తగిలితే ఆ పొలుసులు ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. ఇక విడదీయడం ఎవరివల్లా కాదు. మన గొంగళ్లు నేసేవాళ్లు కావాలని తెచ్చుకునే గట్టిదనం నేను పొరపాటున తెచ్చుకున్నాను. వంద గ్రాముల మంచి మెరీనో. ఆ రోజు అన్నం సయించలేదు. అప్పటి నుంచి గిన్నె దానంతటది చల్లారే దాకా చిలపని ముట్టుకోను. పొద్దున వేసింది మర్నాడు పొద్దున తీస్తాను.

గొంగడి మాట వచ్చింది కాబట్టి చెప్తాను. మన దక్కనీ గొర్రెల నల్ల ఉన్ని మెరీనోలా మెత్తగా ఉండదు, ఒంటికి గుచ్చుకుంటుంది. దానికి రంగు అక్కర్లేదు, పుట్టుకతోనే నలుపు. చింతగింజల గంజి పెట్టి నేసిన గొంగడి వానకి గొడుగు, చలికి దుప్పటి. ఆ ఉన్నితో ఒకసారి సంచి అల్లాను, అది ఇంకో కథ.

ఇక మంజిష్ఠ. వన్‌టౌన్‌లో మూలికలు అమ్మే కొట్లో వేరు దొరికింది. నాలుగు చిలపలకి నాలుగు వందల గ్రాములు, అంటే ఊలు ఎంత బరువో వేరు అంతే. దంచి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాను. నా దగ్గర ఉన్న గిన్నెలో రెండు చిలపల కన్నా పట్టవు కాబట్టి రెండు వాయిలుగా వేశాను. మొదటి వాయి మున్సిపల్ కుళాయి నీళ్లతో, కృష్ణ నీళ్లు. రెండో రోజు కుళాయి రాలేదు. అపార్టుమెంటు బోరు నీళ్లే పోశాను. రెండు వాయిలకీ అదే వేరు, అదే పటిక, అదే మంట. థర్మామీటరు పెట్టుకుని అరవై, డెబ్భై డిగ్రీల మధ్య గంటసేపు ఉంచాను, అంతకు మించితే ఎరుపు మట్టిరంగు వైపు తిరుగుతుందని.

కృష్ణ నీళ్ల చిలపలు పండిన బత్తాయి తొక్క మీద ఎరుపు చల్లినట్టు వచ్చాయి. బోరు నీళ్ల చిలపలు అచ్చం ఇటుక ఎరుపు, లోతైన ఎరుపు. మా బోరు నీళ్లు పప్పు కూడా ఉడకనివ్వని నీళ్లు, గిన్నెల మీద తెల్లగా సున్నం కడతాయి. ఆ సున్నమే మంజిష్ఠ ఎరుపుని చిక్కగా చేసింది. ఇరవై ఏళ్లుగా తిట్టుకుంటున్న ఆ నీళ్లు నాకు ఇంత మంచి ఎరుపు ఇచ్చాయి. పెడనలో అద్దకం పెద్దలు కాలవ నీళ్ల గురించి, ఏ నెలలో నీళ్లు ఎలా ఉంటాయో అంతంతసేపు ఎందుకు మాట్లాడుకునేవాళ్లో నాకు యాభై ఎనిమిదేళ్ల వయసులో, నా బాల్కనీలో అర్థమైంది.

నాలుగు చిలపలూ పక్కపక్కన ఆరేసి చూస్తే అమ్మ టెన్షన్ గుర్తొచ్చింది. రెండు రెండు రకాలు. ఒక స్వెట్టర్‌కి ఎలా? మళ్లీ వేద్దామా అని ఒక రోజంతా ఆలోచించాను. వేయలేదు. ఎందుకో కింద చెప్తాను.

నీలిమందు అంటే నాకు భయం ఉండేది, ఎందుకంటే అది మిగతా రంగుల్లా నీళ్లలో కరగదు. నీలిమందు పొడి, సున్నం, బాగా మగ్గిన అరటిపండ్లు ఉడికించిన రసం కలిపి, మూతపెట్టి వెచ్చగా ఉంచాలి. పండ్లలో తీపి, సున్నం కలిసి నీలిని కరిగే రూపానికి తెస్తాయి. మూడో రోజు మూత తీస్తే పైన రాగి రంగు మీగడ తట్టు, మధ్యలో నీలం నురుగు. నురుగు పక్కకి జరిపితే కింద నీళ్లు పసుపు కలిసిన ఆకుపచ్చ. అదే సిద్ధమైనట్టు గుర్తు. సున్నం ఉన్నికి మంచిది కాదు, పోగుని తినేస్తుంది. అందుకని సున్నం తగ్గించి వేశాను, చిలపని కూడా రెండు మూడు నిమిషాలకి మించి ఉంచలేదు, తీశాక కొంచెం వెనిగర్ కలిపిన నీళ్లలో జాడించాను.

అందులో ముంచింది బంతిపూల చిలప. దసరాకి గుమ్మాలకి కట్టిన దండలు ఎండబెట్టి దాచిన పూలవి, మంచి పసుపు రంగు. ఆ చిలపని సగానికి పట్టుకుని కింది సగం మాత్రమే నీలిలో దించాను. బయటికి తీసినప్పుడు ఆ సగం ఏదో పాచి రంగులో ఉంది. గాలి తగిలింది. చూస్తుండగానే, నా చేతిలోనే, ఆ పాచి రంగు ముదురుతూ మామిడాకు పచ్చ అయింది. పసుపు మీద నీలం పడితే పచ్చ అని బడి పిల్లలకి కూడా తెలుసు. తెలిసినా చేతిలో జరుగుతుంటే మాట రాలేదు. మా ఆయన్ని కేకేశాను. ఆయన వచ్చేసరికి అయిపోయింది. ఆయన కోసమే మళ్లీ ఒకసారి ముంచి తీశాను. అందుకే పచ్చలో కొంత మేర ఇంకొంచెం ముదురుగా ఉంటుంది.

అలా 2023 కార్తీక మాసం అయ్యేసరికి నా దగ్గర ఆరు చిలపలు తయారయ్యాయి: మంజిష్ఠ నాలుగు, ఉల్లిపొట్టు ఒకటి, సగం పసుపు సగం పచ్చ ఒకటి. అన్నీ నీడన ఆరేశాను.

సంక్రాంతి వెళ్లాక అల్లడం మొదలుపెట్టాను. మొదటే ఒక తప్పు జరిగింది. అమెరికాలో తీసుకున్న అల్లిక లెక్కలో 8వ నంబరు సూదులని రాసి ఉంది. అమ్మ 8వ నంబరు సూదులు ఉన్నాయి కదా అని వాటితోనే మచ్చు ముక్క అల్లాను. పది సెంటీమీటర్లకి 18 కుట్లు రావాల్సింది 22 వచ్చాయి. ముక్క అట్టలా బిగుసుకుంది. నా చెయ్యి బిగువేమో అనుకుని రెండుసార్లు ఊడదీసి వదులుగా అల్లి చూశాను. చివరికి స్కేలు పెట్టి సూది కొలిస్తే తెలిసింది. మన దగ్గర పాత ఇంగ్లండు నంబర్లు, అందులో 8 అంటే నాలుగు మిల్లీమీటర్లు. అమెరికా 8 అంటే ఐదు మిల్లీమీటర్లు. పైగా మన నంబర్లలో అంకె పెరిగితే సూది సన్నం అవుతుంది, వాళ్లకి అంకె పెరిగితే లావు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను ముందు చెప్పే మాట ఇదే: నంబరు వదిలేసి మిల్లీమీటర్లు చూడండి. అలాగే మచ్చు ముక్కని తడిపి ఆరబెట్టాకే కొలవండి. తడిస్తే ఊలు కొంచెం సాగుతుంది, నా ముక్కలో ఆ తేడా అర కుట్టు వచ్చింది.

స్వెట్టర్‌ని మెడ నుంచి కిందికి, గుండ్రటి సూదితో అతుకు లేకుండా అల్లాను. లెక్క కోసం నేను వాడేది ఎలిజబెత్ జిమ్మర్‌మన్ శాతాల పద్ధతి. ఇంగ్లండులో పుట్టి, అమెరికా వెళ్లి, విస్కాన్సిన్‌లో స్థిరపడిన అల్లిక నిపుణురాలు ఆమె. ఛాతీ చుట్టూ ఎన్ని కుట్లో అది నూరు శాతం. మెడకి అందులో నలభై శాతం, మణికట్టుకి ఇరవై శాతం, చేతి పైభాగానికి సుమారు మూడో వంతు. ఈ లెక్కతో ఎవరి కొలతకైనా స్వెట్టర్ వేయొచ్చు, పుస్తకం అక్కర్లేదు. మా అమ్మాయి ఛాతీ కొలతకి కొంచెం వదులు కలిపితే వంద సెంటీమీటర్లు, అంటే 180 కుట్లు. మెడకి 72, మణికట్టుకి 36. ఇలాంటి పొడి లెక్క ఒకటి చేతిలో ఉంటే ఊలు ఎలాంటిదైనా ధైర్యంగా మొదలుపెట్టొచ్చు.

మెడ పట్టీ ఉల్లిపొట్టు రంగుతో. దాని కింద భుజాల భాగమంతా పసుపు-పచ్చ చిలపతో. ఆ చిలపని అక్కడే ఎందుకు వాడానో చెప్పాలి, ఎందుకంటే చేత్తో రంగు వేసిన ఊలుతో ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. చిలప అంటే ఒకే పొడవు చుట్లు. నా చిలపలో ఒక చుట్టు మీటరున్నర. అంటే ప్రతి మీటరున్నరకీ పసుపు, పచ్చ ఒకసారి వచ్చి మళ్లీ మొదలవుతాయి. ఒక వరసకి పట్టే దారం ఆ మీటరున్నరకి సరిగ్గా లెక్క కుదిరిందా, పచ్చ మీద పచ్చ, పసుపు మీద పసుపు పడి రంగులు ఒకచోట మడుగు కట్టేస్తాయి. ఛాతీ దగ్గర పెద్ద పచ్చ మచ్చ వస్తే ఎవరికి నచ్చుతుంది? భుజాల భాగంలో మాత్రం వరస వరసకీ కుట్ల లెక్క మారుతుంటుంది. రెండు వరసలకి ఎనిమిది కుట్ల చొప్పున పెంచుకుంటూ 72 నుంచి 248 దాకా వెళ్లాను. లెక్క మారుతుంటే రంగు ఒకచోట నిలవదు, జరుగుతూ పోతుంది. పచ్చ చారలు మెడ దగ్గర దగ్గరదగ్గరగా మొదలై భుజాల మీద ఏటవాలుగా విచ్చుకున్నాయి, కొబ్బరాకు ఈనెల్లాగా. ఇలా రావాలని నేను వేసిన బొమ్మ కాదు. కుట్లు పెంచుతూ పోయాను, రంగు దాని దారిన అది నడిచింది. రోజూ రాత్రి మంచం ఎక్కే ముందు దాన్ని దీపం కింద పరుచుకుని చూసుకునేదాన్ని.

భుజాల కింద నుంచి మంజిష్ఠ. రెండు వరసలు కృష్ణ నీళ్ల ఎరుపు, రెండు వరసలు బోరు నీళ్ల ఎరుపు. రెండు ఉండలు, రెండు దారాలు, మార్చి మార్చి. చేత్తో రంగు వేసిన చిలపలు రెండు ఒకేలా ఉండవు కాబట్టి ఇలా కలిపి అల్లడం అందరూ చేసేదే. వాళ్లు తేడా కనిపించకుండా ఉండటానికి చేస్తారు. నా రెండు ఎరుపులు అలా కలిసిపోయేంత దగ్గరవి కావు. దగ్గరి నుంచి చూస్తే సన్నటి చారలు, నాలుగడుగుల దూరం నుంచి చూస్తే ఒకటే ఎరుపు, కానీ కదిలే ఎరుపు, గాలికి చెరువు నీళ్లు కదిలినట్టు. మళ్లీ రంగు వేయనందుకు ఎంత సంతోషించానో! ఒకే రంగు నాలుగు చిలపలు ఉంటే నాకు ఇది దొరికేది కాదు.

సగం అల్లాక, ఒక రాత్రి బంధువులతో మాట్లాడుతూ దారం మార్చడం మర్చిపోయాను. పన్నెండు వరసలు ఒకే ఎరుపుతో వెళ్లిపోయాయి. మర్నాడు పగటి వెలుగులో చూస్తే నడుము మీద పట్టీ కట్టినట్టు ఉంది. "ఎవరు చూస్తారు, వదిలెయ్" అన్నారు మా ఆయన. పన్నెండు వరసలంటే రెండు వేల నూట అరవై కుట్లు. నేను చూస్తాను కదా. ఊడదీశాను. ఊడదీసిన ఊలు మెలికలు మెలికలుగా వచ్చింది. దాన్ని మళ్లీ చిలప చుట్టి, తడిపి, బరువు కట్టకుండా ఊరికే వేలాడదీస్తే ఆరేసరికి తిన్నగా అయింది. ఊడదీయడం నాకు బాధ అనిపించలేదు. దారం పాడవలేదు, రంగు పోలేదు. కత్తిరించిన బట్టతో ఈ సుఖం లేదు. అల్లిక ఎక్కడి దాకా తప్పో అక్కడి దాకా వెనక్కి వెళ్లనిస్తుంది.

ఏప్రిల్, మే నెలల్లో బెజవాడలో ఒళ్లో ఊలు పెట్టుకుని కూర్చోవడం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. చేతులు చెమటలు పట్టి ఊలు సూదికి అతుక్కుంటుంది. అందుకని తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి, ఆరున్నర దాకా బాల్కనీలో కూర్చుని అల్లేదాన్ని. పాలబ్బాయి వచ్చే వేళకి ఆపేసేదాన్ని. రెండు గంటల్లో ఎనిమిది, పది వరసలు. స్వెట్టర్ చేతులు రెండూ అలాగే అల్లాను. ఒక్కో కుట్టు సూది మీదకి వస్తుంటే, వాసన కూడా వచ్చేది. మంజిష్ఠ వేరు వాసన, తడి మట్టి లాంటిది, ఊలులోంచి పూర్తిగా పోలేదు. పొద్దున గాలి చల్లగా ఉన్నప్పుడు ఇంకా తెలిసేది. కొట్టు ఊలుకి ఇది ఉండదు. చేతుల మధ్యలోంచి నడిచే ప్రతి మీటరూ నేను ఒకసారి కడిగి, పిండి, ఆరేసిందే. ఇక్కడ రంగు కొంచెం పలచగా ఉంది, మూట కట్టిన తాడు తగిలిన చోటు. ఇక్కడ చిక్కగా ఉంది, గిన్నె అడుగున ఆనిన చోటు. అల్లుతుంటే అవన్నీ మళ్లీ ఒకసారి నా చేతుల్లోంచి వెళ్లాయి.

జూన్ మొదటి వారంలో పూర్తయింది. అంచులకి, మణికట్లకి మళ్లీ ఉల్లిపొట్టు బంగారం. కొసలు లోపలికి కుట్టేసి, గోరువెచ్చని కుంకుడు రసంలో అరగంట నానబెట్టాను. సబ్బు కన్నా కుంకుడుకాయ ఉన్నికి మేలు, ఊలుని బిరుసు చేయదు. నీళ్లలో కొంచెం ఎరుపు దిగింది, రెండో నీళ్లలో దిగలేదు. తువ్వాల్లో చుట్టి మెల్లగా ఒత్తి నీళ్లు తీసి, చాప మీద దుప్పటి వేసి, కొలతలు చూసుకుంటూ పరిచాను. తడి స్వెట్టర్‌ని ఎప్పుడూ వేలాడదీయకూడదు, దాని బరువుకి అదే సాగిపోతుంది. పరిచి ఆరబెట్టాక కుట్లన్నీ సర్దుకుని, అల్లేటప్పుడు కనిపించిన ఎగుడుదిగుళ్లు మాయమయ్యాయి. చేత్తో నిమిరితే పిల్లి వీపులా ఉంది.

ఆ శీతాకాలం మొదట్లో మళ్లీ వెళ్లినప్పుడు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. అమ్మాయి వేసుకుని కిటికీ దగ్గర నిలబడింది. బయట మంచు వెలుగు తెల్లగా, చల్లగా ఉంటుంది. బెజవాడ ఎండలో నేను చూసిన ఎరుపు కాదు అది. ఇక్కడ ఇంకొంచెం గులాబీ వైపు ఉంది. "అమ్మా, ఏది మన బోరు నీళ్లు?" అని అడిగింది. చెయ్యి పట్టుకుని చార చూపించాను. తను ఇంటర్ చదివేటప్పుడు ఆ నీళ్లతో తలంటుకుంటే జుట్టు పాడవుతోందని రోజూ గొడవ పెట్టేది. ఆ చార మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంది.

మంజిష్ఠ అర చిలప, ఉల్లిపొట్టు అర చిలప పైన మిగిలాయి. ఉండలు చుట్టి, గుడ్డసంచిలో ఎండు వేపాకుతో కలిపి అమ్మాయి అలమరలోనే పెట్టి వచ్చాను, ఏ నీళ్లతో ఎప్పుడు వేసిన రంగో కాగితం మీద రాసి. మోచేతుల దగ్గర ముందు అరుగుతుంది. అప్పుడు కావాలి.